మా మెరూన్ కర్టెన్ల కాపురం

ఆ రోజుల్లో మాకు ఇల్లంటే కంపెనీ ఇచ్చినదే. దాన్ని ఇల్లు అని కూడా ఎవరూ అనేవారు కాదు, క్వార్టరు అనేవారు. గోడ కంపెనీది, గోడకున్న సున్నం కంపెనీది, సున్నం రాలితే మళ్ళీ వేసే మనిషి కూడా కంపెనీవాడే. ముందు వరండా, తర్వాత ఒక గది, దాని వెనక ఇంకో గది, పక్కన వంటిల్లు, వెనక పెరడు. ఏ క్వార్టరులోకి వెళ్ళినా అంతే. కరెంటు పోయినప్పుడు పొరపాటున పక్కింట్లోకి వెళ్ళినా మంచినీళ్ళ బిందె దగ్గరకు తడుముకోకుండా నడిచిపోవచ్చు (నేను వెళ్ళలేదు, వెళ్ళినవాళ్ళున్నారని విన్నాను). ఇప్పటి పిల్లలు డిజైనర్‌ని పిలిపించి గోడకొక రంగు, గదికొక వెలుగు పెట్టించుకుంటుంటే ముచ్చటేస్తుంది. మొన్న మా మేనకోడలు రాయపూర్‌లో తన కొత్త ఆఫీసు చూపించింది. ఒక మూల రంగురంగుల మెత్తటి కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. "ఇది అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు అత్తా" అంది. ముగ్గురు కూర్చుని ఉన్నారు కూడా. ముగ్గురూ చెవుల్లో ఏవో పెట్టుకుని, మూడు కంప్యూటర్లలో మొహాలు దూర్చేసి ఉన్నారు. నాకు నవ్వొచ్చింది. అలాంటి కబుర్ల మూల ఒకటి నేనూ తయారు చేశాను. తొంభైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, భిలాయి సెక్టర్ 7లో. నా మూలలో ముగ్గురు కాదు, ఒక్కరు కూడా కూర్చోలేదు.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మా పుట్టింట్లో ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. నాయనమ్మ, పిన్నులు, వాళ్ళ పిల్లలు అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, అందులో ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో విడదీసి వినడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటి ఇంట్లోంచి తీసుకొచ్చి నన్ను ఆ రెండు గదుల్లో పెట్టారు. మా ఆయన ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. జనరల్ షిఫ్టు. పొద్దున్నే క్యారియరు సైకిలుకి తగిలించుకుని వెళ్ళేవారు, పొద్దుగూకే వేళకు వచ్చేవారు. మనిషి బంగారం, కానీ మాటకి మాత్రం మహా పిసినారి. రోజంతా మిషన్ల మోతలో పనిచేసి వచ్చేవారేమో, ఇంట్లో మోత లేకపోవడమే ఆయనకు పెద్ద సుఖం. నాకేమో ప్రాణం పోయేది. పొద్దున్న ప్లాంటు సైరను మోగాక, సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాక, ఇంట్లో నేనూ గోడగడియారమూ మిగిలేవాళ్ళం. పొద్దున్న కూర తరుగుతూ ఏడ్చేదాన్ని. ఉల్లిపాయలు లేని రోజున కూడా ఏడ్చేదాన్ని.

మీరెళ్ళి పలకరించొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది నా తిక్క. మా వైపు వీధిలోకి కొత్త కోడలు దిగితే ఆ సాయంత్రానికే ఆడవాళ్ళందరూ వచ్చి చూసిపోతారు. చీర అంచు తిప్పి చూస్తారు, జడ పొడవు చూస్తారు, గొంతెలా ఉందో వినడానికి పాట పాడమంటారు. కొత్త కోడలు తనంత తాను ఇల్లిల్లూ తిరిగితే దాన్ని గడప దాటిన గుర్రమంటారు. అందుకని నేను తయారై కూర్చున్నాను. మొదట పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. కొన్నాళ్ళకి వెంకటగిరికి దిగాను, తర్వాత మామూలు నూలు చీరకి. ఎవరూ రాలేదు. (వానలు మొదలైన కొత్త, మా క్వార్టర్ల లైనంతా బురద, బురదలో ఎవరొస్తారని తర్వాత నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కానీ బురద ఎండిపోయింది, అప్పటికే చెయ్యాల్సిన తప్పు నేను చేసేసి ఉన్నాను.)

ఆ తప్పుకి మూలం ఒక పత్రిక. నాకు హిందీ రావాలని మా ఆయన పవర్ హౌస్ రైల్వే స్టేషను దగ్గర పాత పుస్తకాల బండి మీద ఒక హిందీ ఆడవాళ్ళ పత్రిక కొని తెచ్చారు. హిందీ రాలేదు గానీ నడిమి పేజీల్లో రంగుల బొమ్మలు వచ్చి నెత్తికెక్కాయి. బొంబాయిలో ఎవరిదో ఇల్లు. నేల దాకా జీరాడే మెరూన్ రంగు కర్టెన్లు, అవి పూర్తిగా మూసి ఉన్నాయి, బయటి వెలుగు ఒక్క గీత కూడా లోపలికి రాదు. మూల ఒక స్టాండు దీపం, దాని గొడుగు కింద పసుపు వెలుగు, ఆ వెలుగులో నాలుగు కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా, మధ్యలో అద్దం బల్ల. ఆ కుర్చీల్లో నలుగురు ఆడవాళ్ళు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. కింద ఏదో రాసి ఉంటే మా ఆయన చదివి చెప్పారు, "బాత్‌చీత్ కా కోనా. అంటే కూర్చుని మాటాడుకునే మూల." నేను ఆ నలుగురు ఆడవాళ్ళనే చూస్తూ ఉండిపోయాను. నాకు కర్టెన్లు అక్కర్లేదు, బల్లా అక్కర్లేదు, ఆ నలుగురూ కావాలి. కానీ బజార్లో వాళ్ళు దొరకరు, కర్టెన్లు దొరుకుతాయి. గది అలా ఉంటే మనుషులు వాళ్ళే వస్తారని నా లెక్క.

ఆదివారం పవర్ హౌస్ బజారుకి వెళ్ళాం. బట్టల కొట్టాయన మన విజయనగరం వైపు మనిషే, అందరూ శెట్టిగారనేవారు. నేను బొమ్మ చూపించి అలాంటి దళసరి గుడ్డ కావాలంటే ఆయన లోపలెక్కడో అటక మీద నుంచి ఒక తాను దింపించాడు. "ఇది నాటకాల స్టేజీకి తెరకని తెప్పించినాం తల్లీ, ఆళ్ళు తీసుకోనేదు. ఇంతకీ మీకు దేనికి?" అన్నాడు. "డ్రాయింగు రూముకి" అన్నాను. ఆయన మా ఆయన వైపు చూశాడు. "ఏ సెక్టర్ బాబూ?" మా ఆయన చెప్పారు. "ఆ క్వార్టర్లకి డ్రాయింగు రూమెక్కడుందీ?" అన్నాడు, కానీ గుడ్డ చింపేశాడు. కర్టెన్ల మీద అడ్డంగా చెక్క పెల్మెట్ పెట్టించాం. కంపెనీ గోడకి మేకు కొట్టాలంటే మా ఆయనకు భయం, అయినా నా మొహం చూసి కొట్టారు. పేము కుర్చీలు కొన్నాం, వాటికి సముద్రపు ఆకుపచ్చ రంగు కవర్లు నేనే కుట్టాను. అద్దం బల్ల, దాని మీద ప్లాస్టిక్ గులాబీలు, మూల స్టాండు దీపం. అన్నీ అమర్చి, కర్టెన్లు మూసి, దీపం వెలిగించేసరికి గది అచ్చం బొమ్మలాగే ఉంది. మా ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "లైటు బిల్లు" అన్నారు. అంతకు మించి ఆ గది గురించి ఆయన అభిప్రాయం చెప్పినట్టు గుర్తు లేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అది మా లైనులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు, మా ఇద్దరికీ మాత్రం తెలియదు (ఆయనది అప్పటిదాకా ఎప్పుడూ జనరల్ షిఫ్టే, పెళ్ళికి ముందు ఉన్నది బ్యాచిలర్ల మెస్సులో). భిలాయిలో ప్లాంటు రాత్రనక పగలనక నడుస్తుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. పడుకోవాలంటే గది చీకటిగా ఉండాలి. కాబట్టి ఏ క్వార్టరు కిటికీకైనా పట్టపగలు దుప్పటో కర్టెనో మూసి ఉందంటే లోపల నైట్ డ్యూటీ మనిషి నిద్రపోతున్నాడని గుర్తు. ఆ ఇంటి తలుపు ఎవరూ కొట్టరు. దాని ముందు పిల్లలు ఆడరు. అమ్మేవాళ్ళు అరవరు. ఎవరూ బోర్డు పెట్టలేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అంతా అలా నడుచుకుంటారు. మామూలుగా షిఫ్టు వారం వారం మారుతుంది గనక కర్టెన్లు కొన్నాళ్ళు మూసి ఉండి మళ్ళీ తెరుచుకుంటాయి. నావి తెరుచుకోలేదు. బొమ్మలో మూసి ఉన్నాయి కదా మరి.

ఇక చూడండి నా అవస్థ. ఆకుకూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది, అందరూ భాజీ దీదీ అనేవారు. తల మీద గంపతో "లాల్ భాజీ, పాలక్ భాజీ" అని సెక్టరంతా దద్దరిల్లేలా అరిచేది. మా కంచె దగ్గరకు రాగానే ఆ గొంతు ఠక్కున ఆగిపోయేది. రెండిళ్ళు దాటాక మళ్ళీ లేచేది. పిల్లలు లైనులో క్రికెట్ ఆడుతూ బంతి మా వరండాలో పడితే, దొంగల్లా వంగి నడిచొచ్చి తీసుకుని పారిపోయేవారు. ఒకసారి ఒక గడుగ్గాయి కేక పెడితే పెద్దపిల్ల వాడి నోరు నొక్కేసి "చుప్! ఇధర్ నహీ!" అని ఈడ్చుకుపోయింది. నేను కర్టెను సందులోంచి చూస్తూ ఏం పాపం చేశానో అనుకునేదాన్ని. అన్నిటికంటే వింత, ఆడవాళ్ళు. నేను కూర కొనడానికి కంచె దగ్గరకు వెళితే పక్కింటి పిన్నిగారు పలకరించేవారు గానీ, గొంతు తగ్గించి, చెవిలో చెప్పినట్టు. "ఏటమ్మా, బాగున్నావా?" నేను కూడా గుసగుసగానే "బాగున్నానండి" అనేదాన్ని. భిలాయిలో ఆడవాళ్ళు ఇలాగే మాట్లాడతారు కాబోలనుకున్నాను. ఒకరోజు ఎదురింటి పంజాబీ ఆంటీ మా కిటికీ వైపు కళ్ళు తిప్పి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని తల వాల్చి చూపించింది. మధ్యాహ్నం నిద్రపోతావా అని అడుగుతోంది కాబోలనుకుని నవ్వుతూ తలూపాను. ఆవిడ చాలా జాలిగా నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

గదిలో ఏదో లోపముందని, అందుకే ఎవరూ రావడం లేదని నాకు అనుమానం పట్టుకుంది. గోడకి జలపాతం పోస్టరు అంటించాను. కుర్చీలకి కుచ్చుల దిండ్లు పెట్టాను. థర్మోకోలుతో పువ్వులు కోసి పైకప్పుకి అంటిస్తే అవి ఒక్కొక్కటీ రాలి టీ కప్పుల్లో పడేవి. గది ముస్తాబైన కొద్దీ నేను చిక్కిపోయాను. అప్పుడు మొదలుపెట్టాను ఆ కొత్త అలవాటు. ఎవరైనా వస్తే హిందీలోనూ తెలుగులోనూ తడుముకోకుండా పలకరించాలని రిహార్సలు. మధ్యాహ్నం తల దువ్వుకుని, బొట్టు దిద్దుకుని, దీపం వెలిగించి, రెండు కప్పుల్లో టీ పోసేదాన్ని. ఖాళీ కుర్చీ ముందు నిలబడి, "ఆయియే, బైఠియే. రండి రండి, కూర్చోండి. మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి. ఇంకొంచెం టీ తీసుకోండి" అని చెప్పేదాన్ని. కుర్చీ తీసుకోదు కాబట్టి ఆ కప్పు కూడా నేనే తాగేదాన్ని. నవ్వండి, నేనూ నవ్వుతున్నాను. కానీ ఆ టీ చల్లారిపోయి గొంతులోంచి దిగేటప్పుడు ఎలా ఉండేదో నాకు ఇంకా తెలుసు. పుట్టింట్లో నాకు మాట్లాడే వంతు రావడమే కష్టంగా ఉండేది. ఇక్కడ అన్ని వంతులూ నావే.

దీపావళికి వరండా అంతా దీపాలు పెట్టాను. చీకటి పడగానే లైనులో ప్రతి ఇంటి ముందూ టపాకాయలు పేలుతున్నాయి. పిల్లలు మా ఇంటి దగ్గరకు వచ్చేసరికి టపాకాయల బుట్ట పట్టుకుని గబగబా దాటేసి, లైను చివరకు పోయి కాల్చుకున్నారు. (పండగపూటా మా కర్టెన్లు మూసే ఉన్నాయని, లోపలి మనిషికి ఈరోజు కూడా సెలవు దొరకలేదని వాళ్ళ బాధ అట.) కాసేపటికి వరండా పిట్టగోడ మీద ఏదో చప్పుడైతే బయటికొచ్చాను. ఒక పళ్ళెం, దాని మీద రుమాలు, లోపల మిఠాయిలు, కారప్పూస. పెట్టినవాళ్ళు అప్పటికే మునివేళ్ళ మీద వెళ్ళిపోతున్నారు. పిన్నిగారి చీర చెంగు కనిపించింది. పండగ పళ్ళెం ఇచ్చి కూడా గడప తొక్కలేదు, తలుపు కొట్టలేదు, మైలపడ్డ ఇంటికి పెట్టినట్టు గోడ మీద పెట్టి పోయారు. ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి ఏమైందంటే, "నన్ను బండెక్కించెయ్యండి" అన్నాను. "ఎవరూ రాని ఇంట్లో నేనుండలేను. మీరు మంచివారే, కానీ మీరొక్కరూ నాకు చాలరు. మా ఊరు వెళ్ళిపోతాను." ఆయన కారప్పూస ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు, నమల్లేదు. ఆ మనిషి అంతకు ముందు మెస్సు కూడు తింటూ ఎన్నాళ్ళు ఒంటరిగా ఉన్నారో నాకప్పుడు ఆలోచన రాలేదు.

మళ్ళీ ఆదివారం పొద్దున్నే, ఎండ ఇంకా లేతగా ఉండగానే, ఆయన సైకిలు బయటికి తీశారు. టిక్కెట్టు తియ్యడానికి స్టేషనుకి. పక్కింటి బాబాయిగారు కంచె దగ్గర ఆపారు. ఈయనది పలాస వైపు. యూనియన్ మనిషి, గేటు మీటింగుల్లో ఈయన గొంతు అంటుకుంటే మైకు అక్కర్లేదు, అందుకని లైనంతా జిందాబాద్ బాబాయి అనేవారు. అంతటి మనిషి మా కంచె దగ్గర గుసగుసలాడుతున్నాడు. నేను కర్టెను వెనక నిలబడి వింటున్నాను.

"ఏటి బాబూ, పొద్దున్నే ఎక్కడికి?"

"స్టేషనుకి బాబాయ్. టిక్కెట్టు తియ్యాల. ఆవిడ ఊరెల్లిపోతానంటంది."

"ఎల్లక ఏటి సేస్తాది పాపం! ఆ పిల్ల వచ్చిన కాడ్నించి దగ్గడానికి నేదు, తుమ్మడానికి నేదు. నేను సెప్తన్నాను ఇను. ఆయనకి షిఫ్టు మార్పించాల. నీకు నోరు నేదు, నీ వల్ల కాదు. మేనేజిమెంటుతో నేను మాటాడతాను."

"ఎవులికి బాబాయ్ షిఫ్టు?"

"ఇంకెవులికి? మీ అన్నకి! వానలెల్లిపోనాయి, దీపాలెల్లిపోనాయి, స్వెట్టర్లు కూడా పెట్టెలోంచి బయటికి తీసేము. ఇంకా నైటేనా? మడిసేటి, గబ్బిలమా? ఏ కాంట్రాక్టరు కింద సేస్తన్నాడో సెప్పు, రేపు గేటు కాడ ఆడి సంగతి సూస్తాను!" గుసగుస మరిచిపోయి జిందాబాద్ గొంతు బయటికొచ్చేసింది. వెంటనే మా కిటికీ వైపు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

మా ఆయన సైకిలు స్టాండు వేశారు. "నాకు అన్న నేడు బాబాయ్. మా ఇంట్లో నేనే పెద్దోణ్ణి."

బాబాయిగారు కంచె మీదికి వంగి అటూ ఇటూ చూశారు. తర్వాత చాలా మెల్లగా అడిగారు. "మరయితే మీ ఇంట్లో పగలు తొంగున్నదెవులు?"

"ఎవులూ నేరు."

"నేకపోడమేటి! మా ఆడది సెవులారా ఇన్నాది. రోజూ మజ్జానం 'రండి, కూకోండి, మొహమాటపడకండి, ఇంకొంచెం టీ తీసుకోండి' అని సెప్తంటాదంట నీ పెళ్ళాం. అంత మరేద బావగారికి కాక ఎవులికి సేస్తారు?"

మా ఆయన తిరిగి కిటికీ వైపు చూశారు. ఆ చూపులో అనుమానం ఉందని నేను, లేదని ఆయన, ఇన్నేళ్ళ కాపురంలో తేలని తగువు అదొక్కటే. నాకు మాత్రం ఒళ్ళంతా భగ్గుమంది. కొత్త కోడల్ననీ, గడప దాటకూడదనీ మరిచిపోయి, చెంగు నడుముకి దోపుకుని వరండాలోకి వచ్చేశాను. భిలాయి వచ్చాక మొదటిసారి నా అసలు గొంతుతో, మా పుట్టింటి గొంతుతో అరిచాను.

"మా ఇంట్లో ఏ బావగారూ నేరు! ఎవులూ తొంగోనేదు! నేనొక్కదాన్నే ఉన్నాను! పొద్దున్న నించి సాయంత్రం దాకా నేనొక్కదాన్నే ఉంటాను! కుర్చీతో మాటాడుకుంటన్నాను, ఎవులూ రాకపోతే! ఇంకెవులితో మాటాడమంటారు?"

అని, అక్కడే మెట్టు మీద కూలబడి భోరుమన్నాను. మా ఆయన పక్కన నిలబడి ఏం చెయ్యాలో తెలియక సైకిలు బెల్లు పట్టుకున్నారు. బాబాయిగారు గొంతు సవరించుకున్నారు. "మరా కర్టెన్లేటమ్మా?" అన్నారు, పాపం చాలా బుద్ధిగా.

"అది స్టైలు బాబాయిగారూ" అన్నాను, వెక్కుతూ.

నైట్ డ్యూటీ ఇంటి ముందు ఆడమనిషి అరిచి ఏడ్చిందంటే ఏదో ఘోరం జరిగి ఉంటుందని లైనులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిండి చేతులతో కొందరు, నూనె తలలతో కొందరు పరిగెత్తుకొచ్చారు. భాజీ దీదీ గంప మా కంచె దగ్గర దించేసి లోపలికొచ్చేసింది. బాబాయిగారు సంగతి హిందీలోనూ తెలుగులోనూ అందరికీ విప్పి చెప్పారు, మీటింగులో చెప్పినట్టు. మొదట ఎవరూ నవ్వలేదు. పిన్నిగారు నన్ను లేపి, కళ్ళు తుడిచి, "ఒలమ్మా, ఎంత పని సేసేవే! నువ్వు దిగిన రోజు నించీ నీ కోసం పసుపూ కుంకం, జాకెట్టు గుడ్డ పళ్ళెంలో ఎట్టుకుని కూకున్నాను. ముందు బురద ఆరనీ అనుకున్నాను, తరవాత మీ బావగారికి షిఫ్టు మారనీ, తలుపు తియ్యనీ, ఎల్దారని!" అన్నారు. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు. అప్పుడు ఎవరో కిసుక్కున నవ్వారు, ఇక అందరూ నవ్వారు, నేనూ ముక్కు చీదుతూ నవ్వాను.

లోపలికి రాగానే పిన్నిగారు చేసిన మొదటి పని కర్టెను పట్టుకుని పక్కకి లాగడం. ఆవిడ పిండి రుబ్బిన చేతి బలానికి పెల్మెట్ మేకులతో సహా ఊడి వచ్చి ప్లాస్టిక్ గులాబీల మీద పడింది. ఎండ ఒక్కసారిగా గదిలోకి వచ్చేసింది. ఇన్నాళ్ళూ దీపం కింద సముద్రపు ఆకుపచ్చ అనుకున్న నా కుర్చీలు అచ్చమైన చిలకపచ్చవని అప్పుడు తెలిసింది. జలపాతం ఒక పక్కకి ఒరిగి ఉంది. అందరూ నోరు తెరుచుకుని చూశారు. "వాహ్, క్యా బాత్ హై, ఇంత షాన్‌దార్ రూము!" అంది పంజాబీ ఆంటీ, తన తెలుగులో. అని, నేరుగా వెనక గదిలోకి వెళ్ళి మంచం కింద వంగి చూసి వచ్చింది. బావగారు నిజంగానే లేరని అప్పటికి గానీ ఆవిడకు నమ్మకం కుదరలేదు.

నేను నేర్చుకున్న మర్యాదలు ఒక్కటీ నోటికి రాలేదు. "వచ్చేసేరేటి, వచ్చేసేరేటి" అని మాత్రం పిచ్చిదానిలా అంటున్నాను. కూర్చోమని కుర్చీలు చూపిస్తే ఒక్కరూ కూర్చోలేదు. నూనె అంటుతుందని ఒకరు, పిండి అంటుతుందని ఒకరు, అందరూ నేల మీదే చతికిలబడ్డారు, కుర్చీలను గోడకి నెట్టేసి. పిన్నిగారు వంటింటి గుమ్మంలో గొంతుక్కూర్చుని నా పోపుడబ్బా తీసి పరీక్ష చేశారు. భాజీ దీదీ అక్కడే ఆకుకూర ఒలవడం మొదలుపెట్టింది. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ అన్నీ కలిసి ఒకేసారి మోగుతున్నాయి. ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో నాకు స్పష్టంగా అర్థమవుతోంది. ఆ రోజంతా టీ పెట్టీ పెట్టీ నా చేతులు పడిపోయాయి. మా ఆయన టిక్కెట్టు సంగతి ఎత్తలేదు. సైకిలు లోపల పెట్టేశారు, అంతే.

తర్వాత సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఆ మర్నాటి నుంచి మా ఇల్లు లైనంతటికీ అడ్డా అయిపోయింది. స్వెట్టర్లు అల్లేవాళ్ళు అల్లుతూ, బియ్యం ఏరేవాళ్ళు ఏరుతూ, మధ్యాహ్నమంతా జాతర. ఇంతలో మా ఆయనను షిఫ్టుల్లోకి వేశారు. మొదటి వారమే నైటు. పొద్దున్న అలసిపోయి ఇంటికొచ్చేసరికి గదినిండా ఆడవాళ్ళు. వాళ్ళని వెళ్ళమనడానికి ఆయనకు నోరు లేదు, నాకు మనసు లేదు. ఆయన గుమ్మంలో ఒక నిమిషం నిలబడి, లోపలి నుంచి దిండు తెచ్చుకుని, పక్కనున్న బాబాయిగారి క్వార్టరుకి వెళ్ళి పడుకున్నారు. అక్కడ మహా ప్రశాంతంగా ఉండేదట. ఉండదూ మరి, ఆ ఇంటి ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ మా ఇంట్లోనే కదా. బాబాయిగారు కిటికీకి దుప్పటి కట్టి, లైనులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే "ఉష్! అల్లుడు తొంగున్నాడు" అని కసిరేవారట (నేను వాళ్ళింటి కూతుర్నయిపోయాను మరి).

ఇప్పుడు మేము దుర్గ్‌లో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. గది అందంగానే ఉంటుంది, నలుగురూ వస్తూనే ఉంటారు, నాకేమీ లోటు లేదు. అయినా ఒక్కోసారి మధ్యాహ్నం పూట ఆ పిల్ల కళ్ళ ముందుకొస్తుంది. తల దువ్వుకుని, బొట్టు సరిచూసుకుని, పట్టపగలు దీపం వెలిగించుకుని, ఎవరూ లేని చోట అంత మర్యాదగా మాట్లాడుతున్న ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల. మా లైనంతా మంచివాళ్ళే, అందరూ ఆమె మేలు కోరి చప్పుడు చెయ్యకుండా దాటిపోయారు. నేను మాత్రం దాటను. నైట్ డ్యూటీ అయినా సరే, లోపల బావగారున్నా సరే, వెళ్ళి ఆ తలుపు దబదబా బాదాలనిపిస్తుంది. నేనెవరో ఆ పిల్లకు తెలియదు, అయినా ఎవరని అడగదు. రండి రండి, కూర్చోండి అంటుంది. చిలకపచ్చ కుర్చీలో దర్జాగా కూర్చుని, ఆ టీ చల్లారకముందే తాగేసి, ఇంకొంచెం పొయ్యమని, మా ఆయన వచ్చేదాకా లేవను.